డోకు, నలత: మెదడు కాయు కావలి

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కేన్సరు వ్యాధికి మందులతో చేయు చికిత్సను కీమోథెరపీ అందురు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున అమినాప్టెరిన్ అను మందు తయారైనది. రక్తపు కేన్సరు సోకిన పసిబిడ్డలకు బోస్టన్ నగరమున సిడ్నీ ఫార్బర్ దానినిచ్చి, కొందరికి తాత్కాలికముగా గుణము కలిగెనని 1948లో ప్రకటించెను. ఈ చికిత్సకు తొలి మెట్లలో అది ఒకటి.

అయినను చికిత్స పేరు వినగానే జనులకు మొదట స్ఫురించునది గుణము కాదు, వాంతులు. ఆ భయముచే మందును నడుమ విడిచిపెట్టువారును గలరు. కావున ఈ బాధ ఎచ్చట పుట్టునో, ఎందుకు పుట్టునో తెలిసికొనుట వట్టి కుతూహలము కాదు; ప్రాణముతో ముడివడిన సంగతి.

వాంతి కడుపులో పుట్టునని లోకుల తలంపు. నిజమునకు కడుపు ఆజ్ఞను పాటించునది మాత్రమే. ఆజ్ఞ ఇచ్చునది మెదడు. వెన్నుపాము మెదడుతో కలియు చోట మజ్జాముఖమను భాగము గలదు. అందు ‘ఏరియా పోస్ట్రీమా’ అను మిక్కిలి చిన్న తావు ఉన్నది. మెదడులోని పెక్కు భాగములలోనికి రక్తములోని విషములు చొరకుండ రక్తనాళముల గోడలు కట్టుదిట్టముగా నుండును. ఈ తావున ఆ అడ్డు సడలియుండును. ఇది లోపము కాదు, ఏర్పాటు. కోటగోడలో కావలివాడు వెలుపలికి చూచుటకు విడిచిన కంత వంటిది. రక్తములో విషము కలిసినదేమో మెదడు అచ్చటినుండి కనిపెట్టును. అమెరికాలో వాంగ్, బోరిసన్ అను శాస్త్రజ్ఞులు 1950 ప్రాంతమున జంతువులపై పరిశోధించి ఈ తావు చేయు పనిని వెల్లడించిరి.

రెండవ త్రోవ పేగులనుండి వచ్చును. శరీరములోని సెరటోనిన్ అను పదార్థములో నూటికి 90 పాళ్ళు ప్రేగుల గోడలయందే యుండును. సిస్ప్లాటిన్ వంటి తీవ్రమైన మందు అచ్చటి కణములను నొప్పింపగా, సెరటోనిన్ వెలువడి వేగస్ నాడి కొనలను తాకును. ఆ నాడి వార్తను మజ్జాముఖమునకు చేరవేయును. మొదటి దినమున వచ్చు వాంతులకు ముఖ్యకారణ మిదియే. రెండవ దినము మొదలు నాలుగైదు దినముల వరకు వచ్చు వాంతులలో, మెదడునందే పనిచేయు ‘సబ్‌స్టెన్స్ పి’ అను పదార్థమునకు ప్రాధాన్యము హెచ్చు. దీనిని 1931లోనే కనుగొనిరి.

చెడిన ఆహారమును తిన్నవానిని బ్రదికించుటకే ఈ కావలి ఏర్పడినది. వచ్చినది విషమో, ప్రాణము నిలుపు మందో దానికి తెలియదు. అందుచే మిత్రునిజూచియు కేక వేయును.

మూడవ త్రోవ జ్ఞాపకము. గంట మ్రోగగానే పావ్‌లోవ్ కుక్కలకు నోరూరినట్లు, ఒకమారు మిక్కిలి బాధపడిన రోగికి ఆసుపత్రి వాసన సోకగానే, సూది గ్రుచ్చకమునుపే డోకు వచ్చును. ఇది పిరికితనము కాదు, నటన కాదు. మెదడు నేర్చిన పాఠము. మొదటి విడతలోనే వాంతులను అరికట్టినచో ఆ పాఠమును నేర్చు అవకాశము తగ్గును.

ఇక నలత. కణములు దెబ్బతినునప్పుడు సైటోకైనులను పదార్థములు వెలువడును. అవి రక్తము ద్వారమునను, నాడుల ద్వారమునను మెదడునకు తెలుపగా, అది ఆకలిని అణచి, ఉత్సాహమును తగ్గించి, దేహమును పరుండజేయును. జబ్బుపడిన పశువు మేత మాని మూలనుండుట కూడ ఇట్టిదే. అది కేవలము శక్తి ఉడుగుట కాదనియు, రోగముతో పోరాడుటకు దేహము శక్తిని దాచుకొను పద్ధతియనియు బెంజమిన్ హార్ట్ 1988లో వివరించెను. రక్తహీనత, నిద్రలేమి, దిగులు ఈ నలతను హెచ్చించును.

కారణము తెలియుటచే ఉపాయము దొరకినది. సెరటోనిన్ వార్తను అడ్డగించు ఒండాన్‌సెట్రాన్ 1991లోను, సబ్‌స్టెన్స్ పి పనిని అడ్డగించు అప్రెపిటెంట్ 2003లోను అమెరికాలో అనుమతి పొందినవి. డెక్సామెథసోన్, ఒలాంజపిన్ వంటివానితో కలిపి వీనిని ముందుగానే ఇచ్చుటచే నేడు పెక్కుమందికి వాంతులు నిలుచుచున్నవి. వాంతి నిలిచినను డోకు కొంత మిగులుట కలదు. అదియు వైద్యునికి చెప్పదగినదే. మందు మార్చుటకు వీలున్నది.

కావున వైద్యుడు వ్రాసిన వాంతి మాత్రలను బాధ వచ్చువరకు వేచియుండక, చెప్పిన వేళకు వేసికొనవలెను. నీరైనను నిలువనిచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇంటివారు ఘాటు వాసనలను దూరముగా నుంచి, కొంచెము కొంచెముగా పలుమార్లు ఆహారమీయవలెను. “తినకున్న ఎట్లు?” అని గద్దించుటవలన ప్రయోజనము లేదు. తిననొల్లనిది రోగి మనస్సు కాదు. అతని ప్రాణమును కాచుచున్నానని భ్రమపడుచున్న కావలివాడు. వానిని శాంతపరచు మందులున్నవని తెలిసిన రోగి, చికిత్సను నడుమ విడువక తుదిదాక సాగించుటకు ధైర్యము తెచ్చుకొనగలడు.