తలుపు తట్టిన మిత్రుడు
(సంఘం ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'విశ్రాంత జీవితంలో స్నేహం' అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఉపన్యాసం చెప్పేంత పాండిత్యం నాకు లేదు. ఆ మధ్య మా అబ్బాయి ఇంట్లో ఒక ఇంగ్లీషు సినిమా చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాని గురించే చెబుతాను.

సినిమా పేరు 'ది బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్'. 2022లో వచ్చింది. రచన, దర్శకత్వం మార్టిన్ మెక్‌డొనా. ఆస్కార్‌కు 9 విభాగాల్లో నామినేట్ అయి, ఒక్కటీ గెలవలేదు. మన ప్రమోషన్ల లాగే అనుకోండి!

కథ 1923లో ఐర్లండు తీరాన ఒక కల్పిత ద్వీపంలో జరుగుతుంది. పాడ్రిక్ పశువులు మేపుకునే అమాయకుడు. కాలమ్ ఫిడేలు వాయించేవాడు. ఇద్దరూ ప్రాణమిత్రులు. రోజూ మధ్యాహ్నం 2 గంటలకు కలిసి పబ్బుకు వెళ్ళడం అలవాటు. ఒకరోజు పాడ్రిక్ వచ్చి తలుపు తడితే కాలమ్ పలకడు. తప్పేమిటయ్యా అంటే, తప్పేమీ లేదట, ఇష్టం పోయిందట!

కాలమ్ బాధ ఏమిటంటే, వయసు మీద పడుతోంది, మిగిలిన కాలం పనికిరాని కబుర్లతో గడిచిపోకూడదు, నాలుగు పాటలు కట్టాలి. గాడిద పేడ గురించి ఒకనాడు రెండు గంటలు వినిపించావని నిందిస్తాడు. అది గాడిదది కాదు, పొట్టిగుర్రానిదని పాడ్రిక్ సవరిస్తాడు. మంచితనం ఎవరికీ గుర్తుండదు, మోజార్ట్ సంగీతం నిలిచిందని కాలమ్ వాదిస్తాడు. మా అమ్మ మంచిది, నాకు గుర్తుందని పాడ్రిక్ జవాబు.

మళ్ళీ పలకరిస్తే నా వేలు నేనే కోసుకుంటానని కాలమ్ బెదిరిస్తాడు. అన్నంత పనీ చేస్తాడు. చివరికి ఎడమచేతి వేళ్ళన్నీ పోతాయి. సంగీతం కోసం స్నేహితుణ్ణి వదులుకున్నవాడు, పంతం కోసం ఆ సంగీతం పలికించే వేళ్ళనే వదులుకున్నాడు. విసిరేసిన వేలు గొంతుకు అడ్డం పడి పాడ్రిక్ ముద్దుగా పెంచుకున్న గాడిద చనిపోతుంది. అతను వెళ్ళి కాలమ్ ఇల్లు తగలబెడతాడు. నవ్వొస్తుంది, వెంటనే నవ్వినందుకు సిగ్గేస్తుంది.

నీళ్ళకు అవతల తుపాకులు మోగుతుంటాయి. అది 1922 జూన్ నుంచి 1923 మే వరకు సాగిన ఐర్లండు అంతర్యుద్ధం. బ్రిటిష్‌వారి మీద కలిసి పోరాడినవాళ్ళే, ఒప్పందం దగ్గర చీలిపోయి ఒకరినొకరు కాల్చుకున్నారు. దగ్గరివాళ్ళ మధ్య వచ్చిన పగ అలాగే ఉంటుంది.

ఇక నా సంగతి. 19 ఏళ్ళు ఒకే సెక్షన్‌లో నా పక్కసీట్లో పనిచేసిన మిత్రుడున్నాడు. రిటైరయ్యాక రోజూ ఉదయం మా ఇంటికి వచ్చేవాడు. తన ఇంక్రిమెంటు కేసు చెప్పిందే చెప్పేవాడు. నాకేమో సర్వీసు అనుభవాలు పుస్తకంగా రాయాలని కోరిక. ఒకరోజు ఇంట్లో లేనని చెప్పమన్నాను మా ఆవిడతో. అదే సమయానికి లోపల నాకు దగ్గు వచ్చింది. ఆయన విన్నాడు. మళ్ళీ రాలేదు. ఆరేళ్ళు గడిచాయి. ఈ ఆరేళ్ళలో నేను రాసింది రెండు అధ్యాయాలు!

సమయం కావాలనుకోవడం తప్పని నేననను. కాలమ్ కోరికా న్యాయమైనదే. "పదింటి తర్వాత రండి" అని ఒక్కమాట అని ఉంటే నాకు సరిపోయేది. ఆ మాట అనడానికి మొహమాటపడి, అబద్ధం చెప్పడానికి మాత్రం మొహమాటపడలేదు.

సినిమా చూసిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. కుర్చీ వేశాడు, కాఫీ ఇప్పించాడు. "పుస్తకం ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగాడు. ఇంకేమీ అనలేదు. ఇప్పుడు మళ్ళీ వస్తున్నాడు. కానీ వచ్చేముందు ఫోన్ చేసి, "ఇంట్లోనే ఉన్నారా?" అని అడుగుతాడు. ఇంతకుముందు ఎన్నడూ అలా అడిగినవాడు కాదు. ఆ ఫోన్ మోగినప్పుడల్లా నాకు ఒక వేలు తెగినట్టుంటుంది.

సినిమా చివర సముద్రపు ఒడ్డున ఆ ఇద్దరూ నిలబడతారు. రాజీ కుదరదు. అయినా తన కుక్కను చూసుకున్నందుకు కాలమ్ కృతజ్ఞత చెబుతాడు, ఎప్పుడైనా సరేనంటాడు పాడ్రిక్. అంతే మిగిలింది.

మనకు అంతకంటే ఎక్కువే మిగిలి ఉండవచ్చు. మీలో ఎవరైనా ఎవరికైనా తలుపు వేసి ఉంటే, ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో ఒకసారి వాళ్ళింటి మీదుగా వెళ్ళండి.