తీగ పట్టే చేతికి మూడేళ్ల చదువు

(వీపనగండ్లలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో దాణా గురించో, వెన్న శాతం గురించో మాట్లాడటం వాడుక. ఈ రోజు మేము కరెంటు పని నేర్చుకునే పిల్లల చదువును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. దీనికీ పాలకూ ఏమి సంబంధమని మీకు అనిపించవచ్చు. మీ చేనులో బోరు మోటారు ఉన్నది. కొందరి కొట్టంలో గడ్డి కోసే యంత్రం ఉన్నది. వెన్న శాతం చూసే యంత్రం, తూకం, పాలు చల్లబరిచే ట్యాంకు అన్నీ కరెంటుతోనే నడుస్తాయి. పితికిన పాలు బర్రె ఒంటి వేడితో వస్తాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించితేనే నిలుస్తాయి. ఆ పని చేసే కంప్రెసరు ఒక్క రాత్రి ఆగితే ఊరందరి కష్టం తెల్లవారేసరికి పులిసిపోతుంది.

మేము పాల శీతల కేంద్రాలలో విద్యుత్ పనులు చూసేవాళ్లము. కరెంటు మీకు దూరపు వస్తువు కాదు. జూరాల వద్ద 234 మెగావాట్ల కేంద్రం, దిగువ జూరాల వద్ద 240 మెగావాట్ల కేంద్రం కృష్ణ నీటితోనే నడుస్తాయి. కరెంటు పుట్టేది ఇంత దగ్గరలోనే. కాని మోటారు ఆగినప్పుడు మనం ఎవరిని పిలుస్తున్నాము? "కొంచెం తెలిసిన" పిల్లవాణ్ణి. ఆ కొంచెం ఎంత, పూర్తి చదువు ఎంత అన్నదే నేటి మాట.

రెండేళ్లు బడిలో, ఒక ఏడు పనిలో

వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959 నుండి నడుస్తున్న పాలిటెక్నిక్ మీ అందరికీ తెలుసు. అక్కడ చెప్పేది డిప్లొమా, మూడేళ్లు. మేము చెప్పబోయేది ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదువు. పదవ తరగతి పాసైన వారు చేరవచ్చు. రెండేళ్లు అక్కడ నేర్చి పరీక్ష పాసైన తరువాత, 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద ఏదైనా సంస్థలో ఒక ఏడాది అప్రెంటిస్‌గా పని నేర్వవచ్చు. ఆడపిల్లలకు కూడా ఈ దారి తెరిచే ఉన్నది.

చేరగానే పిల్లల చేతికి కరెంటు తీగ ఇస్తారని చాలామంది అనుకుంటారు. ఇవ్వరు. మొదట నేర్పేది ప్రాణం కాపాడుకోవడం. షాకు తగిలిన మనిషిని ఒట్టి చేత్తో పట్టుకోరాదు. ముందు స్విచ్ తీయాలి. అది వీలుకాకపోతే ఎండు కట్టెతో అతనిని తప్పించాలి. ఊపిరి ఆగితే ఎట్లా ఊదాలి, గుండె ఆగితే ఛాతీ ఎట్లా నొక్కాలి, కరెంటు మంటపై నీళ్లు ఎందుకు పోయరాదు అన్నవన్నీ చేయించి చూపిస్తారు. ఆ తరువాత ఆకురాయి పట్టి ఇనుము రాయడం, తీగలు అతకడం, టంకం వేయడం. అతుకు వదులైతే అక్కడే వేడి పుడుతుంది, అక్కడే తీగ కాలుతుంది. కాబట్టి ఒక్క అతుకునే పదిసార్లు విప్పించి వేయిస్తారు.

దానితోపాటు లెక్కలు, డ్రాయింగు ఉంటాయి. ఓం సూత్రం అక్కడ పలక మీది లెక్క మాత్రమే కాదు. ఇంటి కరెంటు 230 వోల్టులు. తడిసిన మనిషి ఒంటి నిరోధం 1000 ఓములని అనుకుందాము. భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే పట్టుకున్న చెయ్యి విడిపించుకోవడం కష్టం. 100 దగ్గరకు వస్తే గుండె లయ తప్పవచ్చు. ఈ లెక్క ఒకసారి స్వయంగా చేసిన పిల్లవాడు తడి చేత్తో స్టార్టరు ముట్టడు.

ఎర్తింగు, మన పశువులు

మొదటి ఏడాదిలోనే ఇండ్ల వైరింగు, మీటర్లతో కొలవడం, ఎర్తింగు నేర్పుతారు. భూమిలో పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, ఆ చోటు తేమ ఆరకుండా చూసే పద్ధతి మీలో కొందరు చూసే ఉంటారు. పాతడంతో పని అయిపోదు. ఎర్త్ టెస్టరుతో కొలిచి, నిరోధం తక్కువగా ఉన్నదని తేలితేనే అది ఎర్తింగు. లేకపోతే అది పాతిపెట్టిన పైపు మాత్రమే. తీగల తొడుగు గట్టిగా ఉన్నదో లేదో మెగ్గరుతో చూడటం కూడా ఇప్పుడే నేర్చుకుంటారు.

పశువులున్న వారు ఈ మాట ప్రత్యేకంగా గమనించగలరు. పశువు కాళ్లకు చెప్పులుండవు, నేల ఎప్పుడూ తడి. ఆవు ఒంటి నిరోధం మనిషి కంటే తక్కువ, 500 ఓముల వరకే ఉంటుందని లెక్క కడతారు. మన చేతికి తెలియని రెండు మూడు వోల్టుల లీకేజీ కూడా దానికి తెలుస్తుంది. అందువల్ల నీళ్ల తొట్టి దగ్గరకు వచ్చి వెనక్కి జంకే పశువును, ఒకే చోట కట్టినప్పుడు పాలు చేపక కాలు విసిరే పశువును పశువైద్యునికి చూపడంతోపాటు, ఆ కొట్టంలో మోటారు ఎర్తింగును కూడా ఒకసారి కొలిపించండి.

రెండవ ఏడు మోటార్లు

రెండవ ఏడాది ముఖ్యంగా యంత్రాలది. మోటారు విప్పి చుట్ట చుట్టడం, స్టార్టర్లు, కంట్రోలు ప్యానెళ్లు, జనరేటరు, ఇప్పుడు సోలారు పలకలు కూడా నేర్పుతున్నారు. మూడు ఫేజుల మోటారును మొదట స్టార్‌లో నడిపి, వేగం అందుకున్నాక డెల్టాలోకి ఎందుకు మారుస్తారో చేసి చూస్తారు. స్టార్‌లో ఒక్కొక్క చుట్టకు 415 వోల్టులకు బదులు 240 మాత్రమే అందుతుంది. లైను నుండి లాగే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. ఒక ఫేజు పోయినా మోటారు మూలుగుతూ తిరగవచ్చు, కాని మిగిలిన చుట్టలు కాలిపోతాయి. రెండు ఫేజులు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. లైను మరమ్మతు అయిన మరుసటి రోజు బోరు సరిగా నీళ్లు పోయకపోతే ముందు తిరిగే దిక్కు చూడమని చెప్పేది ఇందుకే.

"కరెంటు లేదు" వేరు, "కరెంటు తీశాము" వేరు

అప్రెంటిస్ ఏడాదిలో పిల్లలు నిజమైన పనిలోకి దిగుతారు. స్టైపెండు ఇస్తారు. ఏ రోజు ఏ పని చేశారో పుస్తకంలో వ్రాసి, పై వారి సంతకం తీసుకోవాలి. ముగిసిన తరువాత అఖిల భారత పరీక్ష, దాని సర్టిఫికెట్ ఉంటాయి. వీటన్నిటికంటే విలువైనది, ఆ ఏడాదిలో చేతికి పట్టే ఒక అలవాటు.

లైనులో కరెంటు పోయినప్పుడు మనవాళ్లు "ఇప్పుడు కరెంటు లేదు కదా" అని చెయ్యి పెడతారు. చదివిన వాడు ఆ మాట నమ్మడు. స్విచ్ తీస్తాడు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటాడు. "పని జరుగుచున్నది" అని పలక కడతాడు. అప్పుడు టెస్టరు పెట్టి చూస్తాడు. ఆ టెస్టరు పని చేస్తున్నదో లేదో కూడా ముందు వేరే చోట చూసుకుంటాడు. బోరుకు ఆటో స్టార్టరు ఉంటే ఈ జాగ్రత్త మరింత అవసరం. కరెంటు రాగానే అది ఎవరినీ అడగకుండా మోటారును నడుపుతుంది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరడం మీకు గుర్తుండే ఉంటుంది. అది నీళ్లు, కరెంటు వృథా కాకూడదని. ప్రాణం సంగతి చూసినా అది మంచి మాటే.

మా తప్పు ఒకటి

ఇక మా తప్పు ఒకటి దాచకుండా చెప్పుకుంటాము. ఒక ఊరి సంఘంలో సాయంత్రం పాలు పోసే వేళ కంప్రెసరు ఫ్యూజు పోయింది. అక్కడ పని చూసే పిల్లవాడు మాకు ఫోను చేశాడు. మేము వేరే ఊళ్లో పనిలో ఉన్నాము. "తీగ వేసి నడుపు, పొద్దున వస్తాము" అని చెప్పాము. అతను వేశాడు. అది మళ్లీ పోయింది. ఈసారి మమ్మల్ని అడగకుండా, పోకుండా ఉండాలని రాగి తీగ మూడు పేటలు వేశాడు. ఫ్యూజు పోలేదు. మోటారు పోయింది. అర్ధరాత్రి చుట్టలు కాలి, ట్యాంకులోని పాలు తెల్లవారేసరికి పనికిరాకుండా పోయాయి. ఒక ముసలమ్మ ఖాళీ క్యాను పట్టుకుని, "నా బర్రె తప్పేమున్నది బిడ్డా?" అని మమ్మల్ని అడిగింది. మాకు జవాబు రాలేదు.

ఆ పిల్లవాణ్ణి తిట్టి లాభం లేదు. ఫ్యూజు ఎట్లా వేయాలో అతనికి తెలుసు. ఎందుకు పోయిందని అడగాలని అతనికి ఎవరూ నేర్పలేదు. ఫోనులో మేము కూడా అడగలేదు. ఫ్యూజు పోవడం జబ్బు కాదు, అది జబ్బు చెప్పే జ్వరం. ఆ ప్రశ్న అడగడం నేర్పడానికే ఇన్నేళ్ల చదువు. తరువాత ఆ సంఘం వారు అతనిని ఐ.టి.ఐ.లో చేర్పించారు. ఇప్పుడు అతను మాకు ఫోను చేసినప్పుడు ముందు మీటరు లెక్కలు చెబుతాడు, ఆ తరువాతే సలహా అడుగుతాడు.

మా మనవి

సభ్యులకు మూడు సంగతులు మనవి చేసి ముగిస్తాము.

ఒకటి, పదవ తరగతి పాసై ఇంటి దగ్గర ఉన్న కొడుకో కూతురో ఉంటే ఈ చదువు సంగతి ఆలోచించండి. మధ్యలో మాన్పించి హెల్పరు పనికి పంపకండి. సగం నేర్చిన చెయ్యి, ఏమీ నేర్వని చేతికంటే ఎక్కువ ధైర్యం చేస్తుంది.

రెండు, సంఘంలో వైరింగు పని ఇచ్చేటప్పుడు లైసెన్సు, పర్మిటు చూపమని అడగండి. అది అవమానించడం కాదు. పాలు పోసేటప్పుడు మీ పాలకు వెన్న శాతం చూడటం లేదా? ఇదీ అంతే.

మూడు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు ఎవరూ వేయవద్దు. ఎంత తొందర ఉన్నా లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి. పైన వచ్చేది 11,000 వోల్టులు. ఒక తడి ఎండితే పైరు మళ్లీ కోలుకుంటుంది. ఒక పూట పాలు పోతే మరుసటి పూట బర్రె మళ్లీ ఇస్తుంది. పోయిన మనిషిని ఇచ్చేవారు లేరు.