గీత మారినా నీటివాలు మారదు



సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటాలలో తిరుత్తణి 57 ఓ/12 పత్రంలోను, తిరువళ్లూరు 57 ఓ/16 పత్రంలోను ఉన్నాయి. అంగుళానికి ఒక మైలు చొప్పున గీసిన పాత పటాన్ని నేటి పటం పక్కన పరిస్తే, ముందుగా కంటబడేది సరిహద్దు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో తిరుత్తణి ఒక భాగంగా ఉండేది. పటాస్కర్ తీర్పును అనుసరించి 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1997లో తిరువళ్లూరు జిల్లా అవతరించింది. గీత ఇన్నిమార్లు కదిలినా నీటివాలు కదలలేదు. నగరి ఏరు నేటికీ పూండి వద్ద కుశస్థలిలోనే కలుస్తున్నది.

పటం చదవడం దుర్లభమైన విద్య కాదు. గోధుమరంగు గీతలు సమానమైన ఎత్తును కలుపుతాయి. అవి దగ్గరపడితే ఏటవాలు, ఎడమైతే చదునునేల. పసుపు సాగుభూమి, నీలం నీరు. చెరువుకట్ట పక్కన అంకె వెంట ‘ఆర్’ అనే అక్షరం ఉంటే, చుట్టునేల కంటే కట్ట ఎంత ఎత్తో తెలుస్తుంది. ఈ సీమలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు కలుజు దాటిన నీరు వాగై కింది చెరువును నింపుతుంది.

ఊరిపేర్లూ సాక్షులే. తెలుగువారి ‘కండ్రిగ’ తమిళుల నోట ‘కండిగై’ అయింది.

1944లో పూర్తయిన పూండి జలాశయం అంతకుముందటి పటంలో కనబడదు. ఆ ముంపులో పోయిన తిరువెణ్పాక్కం ఆలయాన్ని పూండిలో మరల నెలకొల్పారు. ఆలయాన్ని మరొకచోట కట్టుకోవచ్చు. మునిగిన పొలాన్ని కట్టుకోలేము.

పూడ్చిన వాగు విషయమూ అంతే. ఈశాన్య రుతుపవనం విరుచుకుపడిన నాడు నీరు తన పాత దారినే వెదుక్కుంటుంది. ఆ దారిలో వెలసిన ఇల్లు మునుగుతుంది, దిగువ మడి ఎండుతుంది.

పటానికీ హద్దులున్నాయి. అది సర్వే జరిగిన నాటి సంగతినే చెబుతుంది. భూమి ఎవరిదో చెప్పదు. పొలం కొలతలకు గ్రామ ఎఫ్.ఎం.బి. పటాన్ని చూడవలసిందే.

కనుక ఇళ్లస్థలాల హద్దురాళ్లు పాతకముందే పాత పటాన్ని చేతబట్టి, ఊరి నీరుగంటినో పెద్దరైతునో వెంటబెట్టుకొని, ఆ నీలిగీత వెంబడి ఒకసారి నడవడం అందరికీ శ్రేయస్కరం. గీత చెరిగిన చోట వాగును ఆయన జ్ఞాపకం చూపిస్తుంది. ఆయన మరచిన చోట పటం చూపిస్తుంది.