ఫోటో ఇంట్లో వేద్దామా? ల్యాబులో కడిగిద్దామా?

(చదువుల కేంద్రంలో చెప్పిన ప్రసంగ పాఠం)



ఇవాళ్టి మాట ఫోటోల గురించి.

ఒకప్పుడు ఫోటో తీయించుకోవడం అంటే పెద్ద పని. పెళ్లి అయితేనో, పిల్లవాడు పుడితేనో స్టూడియోకు వెళ్లేవాళ్లు. ఇంట్లో కెమెరా ఉన్నవాళ్లు కూడా రీలు చూసుకుని తీసేవాళ్లు. ఒక రీలుకు 36 ఫోటోలు. రీలు అయిపోయాక పట్నంలో కలర్ ల్యాబుకు ఇచ్చి కడిగించేవాళ్లు. ఇంటికి వచ్చేది కాగితం మీది ఫోటోనే.

ఇప్పుడు సెల్‌ఫోనే కెమెరా. రీలు లేదు, ఖర్చు లేదు. నొక్కితే ఫోటో. ఒక్కొక్క ఫోనులో వేల ఫోటోలు ఉంటున్నాయి. కానీ చాలా ఇళ్లలో చేత్తో పట్టుకుని చూసే ఫోటో ఒక్కటీ ఉండడం లేదు.

ఇందులో ప్రమాదం ఏమిటి? ఫోను నీళ్లలో పడుతుంది. లేదా ఎవరో ఎత్తుకుపోతారు. కొత్త ఫోను కొని పాతది అమ్మేస్తారు. ఫోటోలు దాంతోనే పోతాయి. ఇంటి పెద్దాయన కాలం చేస్తాడు. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. ఫోటో కోసం ఇల్లంతా వెతుకుతారు. చివరికి ఆధార్ కార్డు మీది మసక బొమ్మను పెద్దది చేయిస్తారు. అందులో పెద్దాయన పోలికే కనిపించదు.

అందుకని ముఖ్యమైన ఫోటోలు కాగితం మీదికి రావాలి. అందుకు దారులు రెండు. ఇంట్లో ప్రింటరు కొని వేసుకోవచ్చు. లేదా ల్యాబుకు ఇచ్చి వేయించుకోవచ్చు. ఏది మేలు? అందరికీ ఒకే జవాబు లేదు. రెండు ప్రశ్నలు వేసుకుంటే ఎవరి జవాబు వాళ్లకు దొరుకుతుంది. ఏడాదికి ఎన్ని ఫోటోలు కావాలి? ఆ ఫోటో ఎన్నాళ్లు ఉండాలి?

ఫోనులో ఫోటో అంటే చుక్కలే

వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తారు కదా! ఫోనులోని ఫోటో కూడా చుక్కల ముగ్గు లాంటిదే. కాకపోతే ఆ చుక్కలు లక్షల్లో ఉంటాయి. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క రంగు. ఆ చుక్కనే పిక్సెల్ అంటారు. 10 లక్షల చుక్కలు కలిస్తే ఒక మెగాపిక్సెల్.

ఆల్బములో పెట్టుకునే మామూలు ఫోటో 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ఉంటుంది. ఫోటో స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉంటే చాలు. అంటే వెడల్పున 1200, పొడవున 1800. రెండింటినీ గుణిస్తే 21 లక్షల 60 వేల చుక్కలు. 12 మెగాపిక్సెల్ ఫోనులో 1 కోటి 20 లక్షల చుక్కలు ఉంటాయి. కాబట్టి ఫోను ఫోటో ఆల్బముకు బాగా సరిపోతుంది. గోడకు పెట్టే 12×18 అంగుళాల పటాన్ని దూరం నుంచి చూస్తారు. దానికి అంగుళానికి 200 చుక్కలు ఉన్నా బాగానే ఉంటుంది. అంటే 86 లక్షల 40 వేలు. అదీ సరిపోయినట్టే.

మరి కొన్ని ఫోటోలు మసకగా ఎందుకు వస్తాయి? వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో త్వరగా పోవడం కోసం చుక్కలు తగ్గించి పంపుతుంది. ఆ తగ్గిన ఫోటోను పెద్దది చేస్తే మసక రాక ఏం చేస్తుంది? అందుకని షాపుకు పంపేటప్పుడు 'డాక్యుమెంట్' అనే దారిలో పంపాలి. అప్పుడు ఫోటో ఉన్నది ఉన్నట్టే వెళుతుంది. లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వాలి. ఇంట్లో వేసుకున్నా ల్యాబుకు ఇచ్చినా ఈ జాగ్రత్త తప్పదు.

ల్యాబులో ఏం జరుగుతుంది?

అసలైన ఫోటో కాగితం మీద వెండి లవణాల పూత ఉంటుంది. దానికి వెలుతురు తగిలితే మార్పు వస్తుంది. అందుకే ఆ కాగితాన్ని చీకట్లో ఉంచుతారు. రీళ్ల కాలంలో ఫిలిం గుండా వెలుతురు పంపి బొమ్మ వేసేవాళ్లు. 1996లో ఫ్యూజీ కంపెనీ ఫ్రాంటియర్ అనే యంత్రం తెచ్చింది. అది బొమ్మను చుక్కలుగా చదువుకుని, లేజర్ వెలుతురుతో కాగితం మీద గీస్తుంది. తర్వాత కాగితం మందు నీళ్లలో మునుగుతుంది. రంగులు బయటికి వస్తాయి. మిగిలిన వెండిని మరో మందు తీసేస్తుంది. ఆపైన కడిగి ఆరబెడతారు. ఫోటో 'కడిగించడం' అనే మాట ఇలా వచ్చిందే.

ఇట్లా వేసిన ఫోటోలో రంగు పైపైన పూసినట్టు ఉండదు. కాగితం పూతలోనే పుడుతుంది. తడి చెయ్యి తగిలినంత మాత్రాన కారిపోదు. ఎండా తడీ తగలకుండా దాచుకుంటే దశాబ్దాలు నిలుస్తుంది.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. బోర్డు మీద 'కలర్ ల్యాబ్' అని రాసి ఉన్న ప్రతిచోటా ఈ యంత్రం ఉండకపోవచ్చు. కొందరు చిన్న ప్రింటరుతోనే అచ్చు వేసి ఇస్తారు. "ఇది ల్యాబు ప్రింటా, ఇంకు ప్రింటా?" అని అడగాలి. అడగడంలో తప్పు లేదు.

ఇంటి ప్రింటర్లు మూడు రకాలు

మొదటిది ఇంకు ప్రింటరు. వెంట్రుక కన్నా సన్నని రంధ్రాల నుంచి ఇంకు చుక్కలను కాగితం మీద చల్లుతుంది. ఫోటో కాగితం వేస్తే బొమ్మ బాగానే వస్తుంది. దీని చిక్కు ఒకటే. వారాల తరబడి వాడకపోతే ఇంకు ఎండి రంధ్రాలు పూడుకుపోతాయి. శుభ్రం చేయడానికి మళ్లీ ఇంకే ఖర్చవుతుంది. చిన్న డబ్బీల ఇంకు త్వరగా అయిపోతుంది, ధర ఎక్కువ. సీసాతో ఇంకు పోసే ట్యాంకు రకం కొనేటప్పుడు ఖరీదే గానీ, తర్వాత ఖర్చు తక్కువ. ఇంకులోనూ రకాలున్నాయి. పిగ్మెంటు ఇంకుతో వేసిన ఫోటో ఎక్కువ కాలం ఉంటుంది. మామూలు డై ఇంకు ఎండకు, గాలికి త్వరగా వెలిసిపోతుంది.

రెండోది లేజర్ ప్రింటరు. ఇది పొడిని వేడితో కాగితానికి అంటిస్తుంది. దరఖాస్తులకు, జిరాక్సులకు మంచిది. ఫోటోలకు పనికిరాదు. ఇంకు ప్రింటరు ఫోటో కాగితాన్ని ఇందులో పెట్టకూడదు. వేడికి పూత కరిగి యంత్రం చెడిపోవచ్చు.

మూడోది చిన్న ఫోటో ప్రింటరు. ఇందులో ఇంకు ఉండదు, రంగు రిబ్బను ఉంటుంది. కాగితం నాలుగు సార్లు లోపలికీ బయటికీ వెళుతుంది. మూడు సార్లు మూడు రంగులు. నాలుగోసారి పైన కాపుదల పూత. ఇంకు ఎండిపోయే బాధ లేదు. రిబ్బను, కాగితం కలిపి ప్యాకెట్టుగా అమ్ముతారు. ప్యాకెట్టు ధరను అందులోని కాగితాల సంఖ్యతో భాగిస్తే ఒక్క ఫోటో ఖర్చు తెలిసిపోతుంది. కానీ చిన్న సైజు ఫోటోలే వస్తాయి.

లెక్క చూద్దాం

ఒక ఇంట్లో తల్లి పొదుపు సంఘంలో సభ్యురాలు అనుకుందాం. కూతురు కాలేజీలో చదువుతోంది.

"అమ్మా, ప్రింటరు కొందాం. సంఘంలో అప్పు తీసుకోరాదూ? ఫోటోలన్నీ ఇంట్లోనే వేసుకోవచ్చు" అంది కూతురు.

"ఉండవే. ముందు లెక్క చూద్దాం. పలకా బలపం పట్టుకున్నది ఎందుకు?" అంది తల్లి.

ఇద్దరూ కూర్చుని లెక్క వేశారు. ప్రింటరు ధర 12,000 రూపాయలు అనుకున్నారు. ఇంట్లో ఒక ఫోటోకు ఇంకు, కాగితం కలిపి 7 రూపాయలు అనుకున్నారు. ల్యాబులో 15 రూపాయలు అనుకున్నారు. అంటే ఇంట్లో వేస్తే ఫోటోకు 8 రూపాయలు మిగులు. 12,000ను 8తో భాగిస్తే 1,500. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే 1,500 ఫోటోలు వేయాలి.

"ఏడాదికి ఎన్ని వేస్తామే?" అని అడిగింది తల్లి.

కూతురు ఆలోచించింది. "యాభై దాకా ఉంటాయమ్మా" అంది.

1,500ను 50తో భాగిస్తే 30. ముప్పై ఏళ్లు! ప్రింటరు అన్నేళ్లు పనిచేస్తుందా? పైగా అప్పుకు వడ్డీ ఉంది. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా మొదట్లో నెలకు 120 రూపాయలు. ఆ డబ్బుతో ల్యాబులో 8 ఫోటోలు వస్తాయి. అంటే వాళ్లు ఏడాదిలో కోరుకునే ఫోటోల కన్నా వడ్డీ ఖర్చే ఎక్కువ.

తల్లి ఈ లెక్క సంఘం లీడరుకు చూపించింది. లీడరు ఇంకో మాట చెప్పింది. "చూడమ్మా, ఇంటికి నష్టమైంది అంగడికి లాభం కావచ్చు. ఊళ్లో పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాళ్లు లేరు. 4×6 కాగితం ఒక్కదాని మీద ఎనిమిది పడతాయి. ఎనిమిదికి 40 రూపాయలు తీసుకుంటే, ఖర్చూ చెడిపోయిన కాగితాలూ పోను 30 మిగులుతుంది. నెలకు 40 మంది వస్తే 1,200. వడ్డీ పక్కన పెడితే 10 నెలల్లో ప్రింటరు ధర వస్తుంది. కానీ 40 మంది నిజంగా వస్తారా? ముందు అది కనుక్కో."

ఈ లెక్కలో అంకెలు అనుకున్నవే. ధరలు ఊరికో తీరుగా ఉంటాయి. మీ ఊరి ధరలు కనుక్కుని, ఇదే పద్ధతిలో లెక్క వేయండి. ల్యాబు దూరమైతే దారి ఖర్చు, పోయిన పూట కూలి కూడా కలపండి. ఒక్క ఫోటో కోసం పట్నం పోతే దండగే. ఆరు నెలల ఫోటోలు ఏరి ఉంచుకుని, వేరే పని మీద వెళ్లినప్పుడు ఒకేసారి ఇస్తే ఆ ఖర్చు మిగులుతుంది.

షాపులో జాగ్రత్త

ప్రింటరు ఉన్న ఇంటికి ఒక మేలు ఉంది. ఇంటి ఫోటోలు బయటివాళ్ల చేతికి పోవు. షాపుకు ఇచ్చేవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. ఫోను తెరిచి షాపువాడి చేతికి ఇవ్వకూడదు. అందులో ఆడపిల్లల ఫోటోలు, బ్యాంకు మెసేజీలు, ఆధార్ కాపీలు ఉంటాయి. కావలసిన ఫోటోలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వాలి. పని అయ్యాక షాపు కంప్యూటరు నుంచి తీసేయమని చెప్పి, దగ్గరుండి తీయించాలి. ఎవరైనా ఫోటో పెట్టుకుని బెదిరిస్తే భయపడి డబ్బు కట్టవద్దు. 1930 నంబరు సైబర్ నేరాల సహాయానికి ఉంది. పోలీసు స్టేషనులోనూ చెప్పవచ్చు.

ఇంకో సంగతి. చాలా ఫోనుల్లో ఫోటో 4×6 కొలతకు సరిగ్గా సరిపోదు. అడ్డంగా తీసిన గుంపు ఫోటోను కాగితం నిండా వేస్తే పైనా కిందా కలిపి అర అంగుళం తెగిపోతుంది. తలలు పోతాయి, కాళ్లు పోతాయి. తీసేటప్పుడే తలల పైన కొంచెం ఖాళీ వదలాలి. లేదా "కోయకుండా, తెల్ల అంచు వదిలి వేయండి" అని చెప్పాలి. ఎక్కువ ఫోటోలు ఇచ్చేటప్పుడు ముందు ఒక్కటి వేయించి రంగు చూసుకోవాలి.

దాచుకోవడం

సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీనదయాళ్ 1905లో చనిపోయారు. ఆయన నిజాం కాలంలో తీసిన ఫోటోలు నేటికీ చూడవచ్చు. ఆయన గాజు పలకల నెగటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. కాగితాన్నీ దాచారు, మూలాన్నీ దాచారు. అందుకే మిగిలాయి. ఇప్పటి ఫోటోకు మూలం ఫోనులో ఉంది. కాబట్టి ప్రింటు వేయించాక కూడా ఫోటోను పెన్‌డ్రైవ్‌లోనో, మరొకరి ఫోనులోనో ఇంకో కాపీ ఉంచాలి.

ప్రింటును ఎండ పడే గోడకు, వంటింటి పొగకు దూరంగా పెట్టాలి. జిగురు పేజీల ఆల్బములో ఏళ్ల తరబడి ఉంటే ఫోటో పసుపు పట్టి, ఊడిరాదు. వెనుక పేరు, ఊరు, సంవత్సరం మెత్తని పెన్సిలుతో రాయాలి. ఇప్పుడు అక్షరాలు వచ్చాయి కదా, ఆ పని ఎవరికి వాళ్లే చేసుకోవచ్చు. పేరు లేని ఫోటో మనవల కాలానికి ఎవరిదో తెలియని ఫోటో అవుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు మునిగాయి. అటువంటి వరదల్లో ఆల్బములూ తడుస్తాయి. ల్యాబు ఫోటోలు అతుక్కుపోకముందే విడదీయాలి. చల్లని మంచి నీళ్లలో మెల్లగా కడగాలి. బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. చాలావరకు దక్కుతాయి. ఇంకు ఫోటో తడిస్తే రంగు కారిపోవచ్చు. దాన్ని కడగవద్దు, కదపకుండా ఆరబెట్టాలి.

చివరి మాట

పిల్లల బడి పనికి, రేపటి దరఖాస్తుకు కావలసిన ఫోటో ఎక్కడ వేసినా ఫరవాలేదు. పెళ్లి ఫోటో, తల్లిదండ్రుల ఫోటో, పోయినవాళ్ల ఫోటో మంచి ల్యాబులో వేయించండి. నెలనెలా పని ఉంటేనే ప్రింటరు కొనండి. లెక్క కుదరకపోతే అప్పు చేసి కొనవద్దు.

ఈ వారంలోనే ఇంట్లో పెద్దవాళ్ల ఫోటోలు నాలుగు ఏరండి. వాళ్లు ఎదురుగా ఉండగానే ప్రింటు వేయించి వాళ్ల చేతికి ఇవ్వండి. ఫోటో చూసి వాళ్లు ఏం అంటారో వినండి.



ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఏడాదికి ఎన్ని ఫోటోలు కాగితం మీద కావాలి?
2. మీకు దగ్గరి పట్నంలో 4×6 ఫోటో ధర ఎంత? ఇద్దరు ముగ్గుర్ని అడిగి రాయండి.
3. ప్రింటరు ధర 9,000 రూపాయలు, ఫోటోకు మిగులు 6 రూపాయలు అయితే, పెట్టిన డబ్బు రావడానికి ఎన్ని ఫోటోలు వేయాలి?
4. మీ ఇంట్లోని పాత ఫోటో ఒకటి తీసి, అందులో ఎవరెవరు ఉన్నారో వెనుక రాయండి.