నేల విడిచే ఊపిరి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సైన్సు చదివినవాణ్ణి కాను, ఫైళ్లు రాసి రిటైరైన గుమాస్తాను. అయినా డీఏ బకాయిల సంగతి పక్కనపెట్టి ఈ మాట ఎత్తుకోవడానికి కారణముంది. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు మనలో చాలామందికి పడక వేసేది నేలమాళిగలోనే.

మా చిన్నతనంలో కాకుమానులో జొన్నల పాతర తీస్తే ఎవరినీ వెంటనే దిగనిచ్చేవారు కారు. ముందు లాంతరు దించేవారు. అది ఆరిందంటే లోపల చెడుగాలి ఉన్నట్టే. ముసురు రోజున పాతర జోలికే పోవద్దనేవారు మా తాతగారు. గింజ తడుస్తుందని కాబోలు అనుకునేవాణ్ణి. అందులో ఇంకో సంగతి కూడా ఉందేమోనని తోచడానికి అరవై ఏళ్లు పట్టింది.

పాతరలోది గింజలు విడిచే బొగ్గుపులుసు వాయువు. నేలమాళిగలోది రేడాన్. రాతిలో, మట్టిలో ఉండే యురేనియం తరిగి రేడియం, రేడియం తరిగి రేడాన్ పుడతాయి. రంగు లేదు, వాసన లేదు, లాంతరూ ఆరదు. చాలా దేశాల్లో ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగ తరువాతి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పైన గాలి పీడనం పెరిగితే మంచి గాలి నేలలోకి దిగుతుంది. తగ్గితే మట్టి సందుల్లోని గాలి ఉబ్బి, గచ్చు నెర్రెల్లోంచి పైకి తన్నుకొస్తుంది, రేడాన్‌ను వెంటబెట్టుకుని. మన వైపు రోజూ పది గంటలకు పీడనం హెచ్చి, నాలుగు గంటలకు తగ్గుతుంది, పగలూ రాత్రీ కూడా. ఆ తేడా రెండు మూడు మిల్లీబార్లే. తుపాను సంగతి వేరు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాటి తుపాను నడుమ, 1013 ఉండవలసిన పీడనం 943కు పడింది. అంటే నేలలోని గాలి నూటికి ఏడు వంతులు ఉబ్బేంత! కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వంటి చోట్ల లోపలికి గాలి తోలక తప్పనిది ఇందుకే.

మా అబ్బాయిది పెన్సిల్వేనియా. 1984లో ఆ రాష్ట్రంలోనే స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు అణు విద్యుత్ కేంద్రంలో అడుగుపెడితే అలారం మోగిందట. కేంద్రం అప్పటికింకా ఉత్పత్తే మొదలుపెట్టలేదు. చూస్తే దోషం ఆయన ఇంట్లోని రేడాన్‌ది. ఆ కథ విన్నాక, నేను పడుకునే గదిలో కొలిచే పరికరం పెట్టించాను. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే సరిచేయించుకోవాలని అక్కడి ప్రభుత్వం మాట. తెరిపి రోజుల్లో దానికి కాస్త దిగువనే ఉన్న అంకె, గాలివాన పట్టిన రెండు రోజులూ పైకి పాకింది. పెద్ద గాలివానలో రెండు మూడు రోజుల పరీక్ష చేయవద్దని వాళ్లు ముందే చెబుతారు. మావాడు మాత్రం తెరిపినాటి లెక్కనే నమ్ముకుని "ఏం ఫర్వాలేదు నాన్నా" అన్నాడు. రాత్రంతా ఆ గాలి పీల్చేది నేను గదా!

గట్టిగా పట్టుబడితే చివరికి గచ్చు కిందినుంచి ఇంటి కప్పు పైదాకా గొట్టం వేయించి, ఫ్యాను పెట్టించాడు. అంకె దిగింది. నా పడక మాత్రం అంతకుముందే మేడ మీదికి మార్చుకున్నాను. ఆ గదిలో ఇప్పుడు కోడలు ఆవకాయ జాడీలు పెట్టుకుంది.