ఐదవ తరగతి ముగిసిన పిదప

ఏటేట వార్షిక పరీక్షలు దగ్గరపడు దినములలో పల్లెలందలి తల్లిదండ్రులకు ఒక చిక్కు ఎదురగుచుండును. బిడ్డ ఐదవ తరగతి ముగించుచున్నది. ఆరవ తరగతికి ఎచ్చటికి పంపవలెను? ఊరిలోనే ప్రాథమికోన్నత పాఠశాల యున్నది. అందు చదువు ఏడవ తరగతి వరకే. ప్రక్కనున్న పెద్ద ఊరిలో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల యున్నది. అందు పదవ తరగతి వరకు చదువవచ్చును. రెండును సర్కారు బడులే. రెంటను జీతము లేదు. పుస్తకములును, మధ్యాహ్న భోజనమును ఉచితములే. ఇక దేనిని బట్టి నిర్ణయించుకొనవలెను?

కొన్ని ఏండ్ల క్రిందట మా ప్రాంతపు రైతు ఒకడు భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చి, “బిడ్డను ఏ బడికి పంపమంటరు సారూ?” అని అడిగెను. నేను చిరకాలము ఉపాధ్యాయుడనై యుండి విశ్రాంతి గైకొన్నవాడను. ఆ ధీమాతో, “ఆలోచన దేనికి? హైస్కూలుకే పంపు” అంటిని. ఆ తల్లి గుమ్మము కడనే నిలిచి, “నడుమ వాగున్నది గద సారూ! వానకాలం పిల్ల ఎట్ల పోతది?” అనెను. నా యొద్ద సమాధానము లేకపోయెను. ఆ త్రోవ నెన్నడును నడువక, ఆ బడిని ఏండ్ల తరబడి చూడక సలహా చెప్పినందులకు సిగ్గుపడితిని. అవి ఒంటిపూట బడులు నడచుచున్న దినములు. మరునాటి ఉదయమే రెండు బడులను చూచి రావలెనని అందరము బయలుదేరితిమి.

బడిలో ఏమి చూడవలెనో చట్టమే కొంత చెప్పుచున్నది. విద్యాహక్కు చట్టము 2009లో ఆమోదింపబడి, 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము 6 నుండి 8 వరకు గల తరగతులకు విజ్ఞాన గణితములకు ఒకరు, సాంఘిక శాస్త్రమునకు ఒకరు, భాషలకు ఒకరు చొప్పున ఉపాధ్యాయులుండవలెను. ప్రతి 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడుండవలెను. ఏడాదికి 220 పనిదినములు జరుగవలెను. గ్రంథాలయము, ఆటస్థలము, మంచినీరు, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లు ఉండవలెను. ప్రవేశపరీక్ష పెట్టరాదు. చదువు నడుమనే ఆగిపోవు బడి నుండి మరియొక సర్కారు బడికి మారుటకు బిడ్డకు హక్కు కలదు. బదిలీపత్రము ఆలస్యమైనదను నెపమున చేర్చుకొనుట మానరాదు. ఈ చివరి మాటను తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలెను. ఆరవ తరగతికి చేసిన నిర్ణయమును అవసరమైనచో ఏడాది పిదప మార్చుకొనవచ్చును.

మేము చూచిన ఊరిబడిలో ఆరు, ఏడు తరగతులు కలిపి పదునొకండుగురు పిల్లలు ఒకే గదిలో కూర్చుండిరి. వారి ఉపాధ్యాయురాలు ప్రతి బిడ్డ ఇంటి స్థితిని ఎరుగును. ఎవరికి భాగహారము రాదో, ఎవరు చదువుచు తడబడుదురో అడిగిన వెంటనే చెప్పెను. కాని గణితమును, విజ్ఞానమును, ఇంగ్లీషును ఆమెయొక్కతెయే బోధింపవలసి యుండెను. ఉన్నత పాఠశాలలో విషయమునకొక ఉపాధ్యాయుని స్థానము కలదు. అయినను గణితోపాధ్యాయుని స్థానము ఆరు నెలలుగా ఖాళీగా నుండెను. ప్రయోగశాల తాళము తుప్పుపట్టి యుండెను. గ్రంథాలయపు బీరువా మాత్రము తెరచియుండెను. అందలి పుస్తకములు అనేకుల చేతులు మారి నలిగియుండెను. రైతు కుమార్తె ఆ బీరువా ముందు నుండి కదలలేదు.

నాటి అనుభవము వలన నేను నేర్చుకొన్న విషయములు కొన్ని మనవిచేసెదను. బడిని వార్షికోత్సవమునాడు గాక మామూలు పనిదినమున చూడవలెను. పదవ తరగతి ఫలితములు విని తృప్తిపడక, ఆరవ తరగతి పిల్లల నోటుపుస్తకములు తెరచి చూడవలెను. ఎర్రసిరాతో దిద్దిన తప్పు క్రింద ఆ బిడ్డయే మరల సరిగా వ్రాసియున్నచో, అచ్చట చదువు సాగుచున్నదని నమ్మవచ్చును. మరుగుదొడ్డిలో నీరున్నదో లేదో తల్లి స్వయముగా చూడవలెను. ఎదుగుచున్న ఆడపిల్ల బడి మానుటకు ఆ ఒక్క లోపము చాలును. తెలంగాణలో 2022-23 నుండి సర్కారు బడులలో 1 నుండి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, తెలుగు ఇంగ్లీషులు ప్రక్కప్రక్క పుటలలో నుండు పుస్తకములు ఇచ్చిరి. కావున మాధ్యమము పేరు అడిగి ఊరకుండక, ఆనాటి పాఠమును తెలుగులో తిరిగి చెప్పుమని ఒక విద్యార్థిని అడుగవలెను. చెప్పగలిగినచో పాఠము అర్థమైనట్లే.

ఇక త్రోవ మాట. ఈ తరగతుల బడి 3 కిలోమీటర్ల లోపున ఉండవలెనని కేంద్ర నియమములు చెప్పుచున్నవి. కాని నియమమునకు వాగు కనబడదు, తల్లికి కనబడును. 2023 డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. టిక్కెట్టు భారము తగ్గినను, బస్సు బడివేళకు వచ్చునో రాదో విచారించుకొనక తప్పదు.

నాడు తిరిగివచ్చునప్పుడు ఆ బాలిక, “నాతోని ఇంకెవరొస్తరు?” అని అడిగెను. పెద్దలమైన మాకెవ్వరికిని ఆ ప్రశ్న తట్టలేదు. రైతు ఆ వాడలోని మరి నాలుగిళ్ళకు పోయి మాటాడెను. అయిదుగురు బాలికలు కలిసి ఉన్నత పాఠశాలకు పోవుటకును, వానలు కురియు దినములలో ఇంటికొకరు వంతులవారీగా వాగు దాటించుటకును నిశ్చయమైనది.

ఆ నిర్ణయము మంచిదే. కాని ఆ జూనులో ఊరిబడి ఆరవ తరగతిలో ఇద్దరే పిల్లలు మిగిలిరి. వారిలో ఒకడు తల్లి కూలికి పోవునప్పుడు చెల్లెలిని కనిపెట్టుకొని యుండవలసినవాడు. దూరపు బడిని ఎన్నుకొను అవకాశము వానికి లేదు. మనము ఒక బడిని వదలినప్పుడు అందు మిగులువారు తరచుగా ఇట్టివారే. పిల్లలు తగ్గినకొలది ఉపాధ్యాయులును తగ్గుదురు.

చట్టము ప్రకారము ప్రతి సర్కారు బడికి యాజమాన్య సంఘము ఉండవలెను. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే. సభ్యులలో సగము మంది స్త్రీలు. ఆ రైతు చిన్నకుమారుడు అప్పటికి ఊరిబడిలోనే మూడవ తరగతి చదువుచుండెను. గుమ్మము కడ నిలిచి వాగును గూర్చి అడిగిన ఆ తల్లి మరుసటి ఏడు ఆ సంఘములో సభ్యురాలయ్యెను. ఇద్దరు పిల్లలున్నను ఆరవ తరగతికి గణితోపాధ్యాయుడు కావలెనని అర్జీ వ్రాయించి, తానే మండల కార్యాలయమునకు తీసికొనిపోయెను.

బిడ్డకు బడిని ఎన్నుకొనుట ఒక్కనాటితో ముగియును. చేర్చిన బడిని, విడిచివచ్చిన బడిని కూడ విచారించుకొనుచుండుట మాత్రము ఏటేట మన బాధ్యతయే.