మారిషస్ ద్వీపమందలి సహజ జీవకోటి
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మారిషస్ పేరు మనకు క్రొత్తది కాదు. 19వ శతాబ్దమున ఓడలెక్కి అచ్చటి చెరకు తోటలలో కూలికై పోయిన తెలుగువారిని, మన కోరంగి రేవు పేరుమీదుగా, ఆ దేశమువారు 'కోరంగీ'లని పిలిచెడివారు. అయితే నేడు నేను మనవి చేయదలచినది మనుష్యులకు ముందే అచ్చట కాపురమున్న ప్రాణులను గూర్చి.

మడగాస్కరునకు తూర్పున, అగ్నిపర్వతమువలన పుట్టిన ద్వీపమది. ఏ ఖండముతోను ఎన్నడును కలిసియుండలేదు గనుక ఎగిరివచ్చినవి, నీట కొట్టుకొనివచ్చినవి మాత్రమే అచ్చట నిలిచినవి. పాలిచ్చి పెంచు జంతువులలో గబ్బిలములు తప్ప వేరొకటి లేదు. పిల్లి లేదు, ఎలుక లేదు, పంది లేదు. శత్రువు లేనిచోట రెక్కలతో పనియేమి? పావురముల వంశమునకు చెందిన డోడో పక్షి ఎగురుట మాని, బరువెక్కి, నేలమీదనే గ్రుడ్డు పెట్టుచుండెను. 1598లో డచ్చివారు దిగిరి. ఓడలపై వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు ఆ గ్రుడ్లను తినివేసినవి. 17వ శతాబ్దము ముగియునప్పటికి డోడో లేదు. అది మందబుద్ధి గనుక నశించినదందురు. దొంగలే లేని ఊరిలో తలుపునకు గడియ పెట్టనివానిని తెలివితక్కువవాడందుమా?

అచ్చటి నల్లచేవ మాను మన బీడీ ఆకునిచ్చు తునికి చెట్టు వంశములోనిదే. డచ్చివారు ఆ చేవకొరకు అడవి నరికిరి. తరువాత చెరకు మిగిలినదానిని మ్రింగినది. ఆ చెరకు నాటిన చేతులలో మనవారి చేతులును కలవు. నేడు మేలైన సహజారణ్యము నూటికి రెండు పాళ్లైనను లేదు.

1974లో అచ్చటి డేగలు లెక్కకు నాలుగే మిగిలినవి. కార్ల్ జోన్స్ అను శాస్త్రజ్ఞుడు మొదటి గ్రుడ్లను తీసి వేరుగా పొదిగించెను. తల్లిపక్షి మరల పెట్టెను. ఆ యుక్తివలన అవి వందలకు పెరిగినవి.

నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినది తాబేళ్ల కథ. ద్వీపపు పెద్ద తాబేళ్లను నావికులు ప్రాణముతోనే ఓడలలో వేసికొనిపోయి తినివేసిరి. అవి పోగా నల్లచేవ పండ్లు చెట్టుక్రిందనే రాలి క్రుళ్లుచుండెను. నరికినచోట మరల మొక్క లేవలేదు. తీరమునకు చేరువనున్న సుమారు 64 ఎకరముల చిన్న దీవి ఈలోజెగ్రెట్. అచ్చటికి 2000 సంవత్సరమున సేషెల్స్ దీవులలోని అల్దాబ్రానుండి వచ్చిన జాతి తాబేళ్లను తెచ్చి విడిచిరి. అవి పండ్లను తిని, తిరిగినచోటనెల్ల గింజలు విసర్జించినవి. అట్లు పడిన గింజలు బాగుగా మొలచినవి. పొరుగింటి ఎద్దు మన చేను దున్నినట్లయినది.

గబ్బిలముల తగవు మాత్రము తీరలేదు. అవి లిచీ, మామిడి పండ్లను తినుచున్నవని 2015లో ప్రభుత్వము వేలకొలదిగా చంపించినది. రైతు పక్షమున మాటాడుట మనకు సహజమే. కాని అడవి చెట్ల గింజలను దూరమునకు మోసికొనిపోవునవి ఆ గబ్బిలములే. చెట్టుపై వల కప్పినచో పండును దక్కును, గబ్బిలమును బ్రతుకును. పెరటిలో ఎత్తుగా ఎదిగిన మామిడికి ఆ వల అందదు. కొమ్మలు కత్తిరించి చెట్టును పొట్టిగా పెంచుకొనవలసియుండును.